చెరువు మీద ఆకుపచ్చ గడులు

తమ్ముడు తప్పిపోయిన రోజు నేను ఐదో తరగతికి భిన్నాలు చెబుతున్నాను. ప్యూను వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. మామూలుగా అయితే "మేడం, సర్క్యులర్" అంటూ నేరుగా బల్ల దాకా వచ్చేస్తాడు. అతను ఆగడం చూసి చాక్‌పీసు కింద పెట్టాను.

పడవ దొరికిందట. తెడ్డు పడవలోనే ఉందట. వెదురు గెడ మాత్రం లేదట. మనిషీ లేడట. ఆ రోజంతా అన్నీ ఇలా 'అట'తోనే వినబడ్డాయి. కళ్ళారా చూసినవాళ్ళు ఒక్కరూ తగల్లేదు.

తమ్ముడిది నీటి పక్షులను లెక్కపెట్టే ఉద్యోగం. ఊరికి మంచినీళ్ళిచ్చే పెద్ద చెరువు మీద తెల్లవారగానే పడవ వేసుకుని వెళ్ళేవాడు. పొడుగు కాళ్ళు, ఒకచోట కదలకుండా గంటలకొద్దీ నిలబడే అలవాటు. ఆఫీసులో అందరూ కొంగ అనేవారు. ఇంట్లోనూ అదే పేరు స్థిరపడింది. కూతురికి తనే పిచ్చుక అని పేరు పెట్టుకున్నాడు. "కొంగకి పిచ్చుకెలా పుట్టిందిరా" అని నేనంటే "వాళ్ళమ్మ పోలిక" అనేవాడు. మరదలి చేతిలో గరిటె ఉంటే ఆ గరిటెతోనే జవాబు చెప్పేది.

ఫోను మోగితే బాతులు లేచిపోతాయని దాన్ని స్కూటర్ డిక్కీలో పెట్టి పడవెక్కేవాడు. కాబట్టి అతని ఫోను ఎక్కడుందో కనుక్కోవడానికి ఎవరూ కష్టపడలేదు. గట్టు మీద, స్కూటర్లో, తాళం వేసి ఉంది.

మర్నాటి నుంచి గాలింపు మొదలైంది. గజ ఈతగాళ్ళు వచ్చారు. పడవలు వచ్చాయి. తమ్ముడి ఆఫీసు వాళ్ళు, కాలేజీ పిల్లలు, చేపలు పట్టేవాళ్ళు, ఎవరో తెలియనివాళ్ళు, చాలామంది వచ్చారు. అందర్నీ నడిపించింది అగ్నిమాపక దళం అధికారి. బొంగురు గొంతు, నిద్రలేని కళ్ళు. వచ్చిన ప్రతివాళ్ళ ఫోనులోనూ ఒక యాప్ వేయించాడు. ఫోను జేబులో ఉన్నంతసేపూ కొన్ని సెకన్లకోసారి అది తానెక్కడుందో ఒక చుక్కగా పంపుతుంది. ఎవరెక్కడ వెతికారో తెలియాలంటే అదొక్కటే దారి అన్నాడు. మంచి ఆలోచనే.

ఆ చుక్కలన్నీ వెళ్ళేది పిచ్చుక దగ్గరికే. పురపాలక కార్యాలయంలో పటాల గదిలో దాని ఉద్యోగం. వీధి దీపాలు, నీళ్ళ పైపులు, చెత్తబండ్లు, ఏది ఎక్కడుందో, ఎటు తిరుగుతోందో పటం మీద చూపించడం పని. "నీ బదులు ఇంకెవరైనా చేస్తారులే" అని ఆ అధికారి చెప్పి చూశాడు. "నేను చేయకపోతే నేనూ గట్టు మీదే కూర్చోవాలి. కూర్చోలేను" అందట.

మొదటి సాయంత్రం ఆ చుక్కల్ని నాకు చూపించింది. లక్షల చుక్కలు. సిరాబుడ్డి ఒలికినట్టుంది. గట్టేదో నీళ్ళేవో తెలియలేదు.

"ఇలా చూస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదత్తా. అందుకని గడులు చేస్తాం."

చెరువంతా ఆరుమూలల గడులు పరిచింది, తేనెపట్టులా. ఒక గడిలో ఎన్ని చుక్కలు పడ్డాయో కంప్యూటరే లెక్కపెట్టి రంగు వేస్తుంది. ఏమీ పడకపోతే తెలుపు. కొన్ని పడితే లేత ఆకుపచ్చ. ఎక్కువ పడితే ముదురు. చుక్కల పొర తీసేసి గడుల పొర వేయగానే పటం తేటపడింది. లక్ష మాటల్ని ఒక్క వాక్యంలోకి కుదించినట్టుంది. నాకు నచ్చింది. ఆ మాట దానితో అన్నాను కూడా.

ఆ పటాన్ని అందరికీ ఫోన్లలో కనిపించేలా పెట్టింది. రోజూ సాయంత్రం ఊళ్ళో చాలామంది అది తెరిచి చూసేవారు. టీచర్ల గదిలో కూడా అదే మాట. "ఇవాళ ఉత్తరం వైపు బాగా పచ్చబడింది మేడం" అని నాకు ధైర్యం చెప్పేవారు. నేను తలూపేదాన్ని. పీరియడ్ లేనప్పుడు ఒక్కచోట కూర్చోలేకపోయేదాన్ని. తుడిచిన బోర్డే మళ్ళీ తుడిచేదాన్ని. ఇంటికి వెళ్ళే బస్సు దిగాల్సిన చోటికి ముందే దిగి మిగతా దూరం నడిచేదాన్ని. కూర్చుంటే ఏదో తరుముతున్నట్టుండేది. నడిస్తే దేన్నో నేను తరుముతున్నట్టుండేది. అంతే తేడా.

మరదలు వంటింటి గట్టు మీద తమ్ముడి ఫోను ఛార్జింగ్ పెట్టి ఉంచేది. దాన్ని తీసేది కాదు. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే అడిగే ప్రశ్న ఒకటే.

"ఎంత పచ్చబడింది వదినా?"

"సగం దాటింది."

"పూర్తిగా పచ్చబడితే ఆయన చెరువులో లేనట్టే కదా."

నేను జవాబు చెప్పేలోగా తనే లేచి నాకు మంచినీళ్ళు తెచ్చేది.

వారం తిరక్కముందే పటమంతా ఆకుపచ్చయింది. ఒక్క తెల్ల గడి లేదు. అధికారి మా ఇంటికి వచ్చి, కుర్చీ అంచు మీద కూర్చుని, చెప్పాల్సింది చెప్పాడు. చెరువంతా చూశారు. మనిషి దొరకలేదు. ఊళ్ళో కుళాయిలు ఎండిపోతున్నాయి, శనివారం పొద్దున ఎగువ నుంచి చెరువులోకి నీళ్ళు వదులుతారు. వదిలితే వెతకడం కుదరదు. అందుకని గాలింపు ఆపుతున్నారు.

మరదలు చేతులు జోడించి, "మీ మేలు మరిచిపోను. ఆయన చెరువులో లేరని తేల్చారు. ఎక్కడున్నా వస్తారు" అంది.

ఆ మనిషి నా వైపు చూశాడు. ఆమె ఏమనుకుంటోందో అతనికి అప్పుడే అర్థమైంది. నాకది ముందే తెలుసు.

మర్నాడు గురువారం. బడికి సెలవు పెట్టి గట్టు మీదికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో చెప్పలేను. అందరూ వెళ్ళిపోయాక ఎలా ఉంటుందో చూడాలనిపించింది. తూర్పు వైపు, గట్టు రోడ్డు చెరువును ఆనుకుని వంపు తిరిగే చోట, వెతికేవాళ్ళ కోసం వేసిన టెంటు ఇంకా అలాగే ఉంది. కుర్చీలు తీసేశారు. నేలంతా టీ కప్పులు.

టెంటు ముందు నుంచే జమ్ము గడ్డి మొదలవుతుంది. మనిషి తల దాటిన ఎత్తు. చిక్కగా, గోడలాగా నిలబడి ఉంది. దాని ముందు నిలబడి ఫోనులో పటం తెరిచాను. నేనున్న చోటు నీలం చుక్కలా కనిపించింది. చుట్టూ ముదురు ఆకుపచ్చ. చెరువు మొత్తం మీద అంత ముదురు రంగు ఇంకెక్కడా లేదు.

తలెత్తి జమ్ము వైపు చూశాను. గట్టు వెంట చాలాదూరం నడిచాను. ఒక్క కాడ విరగలేదు. ఒక్క బాట పడలేదు. ఇంతమంది ఇన్నిసార్లు వెతికిన చోట గడ్డి ఒరగదా?

మళ్ళీ టెంటు దగ్గరికి వచ్చాను. కాళ్ళ దగ్గర టీ కప్పులు చూశాను. అప్పుడు తట్టింది. ఇక్కడ ఎవరూ వెతకలేదు. ఇక్కడ కూర్చున్నారు. కూర్చున్నంతసేపూ వాళ్ళ జేబుల్లో ఫోన్లు కొన్ని సెకన్లకోసారి చుక్కలు పంపుతూనే ఉన్నాయి. ఆ గడిలో కొంత గట్టు, మిగతాదంతా జమ్ము. చుక్కలన్నీ గట్టు మీద పడ్డాయి. రంగు మాత్రం గడి నిండా పరుచుకుంది.

ఆటో పట్టుకుని నేరుగా పటాల గదికి వెళ్ళాను. పిచ్చుక ఒక్కతే ఉంది. తెర మీద ఏదో వీధి దీపాల పటం. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నా ఫోను దాని ముందు పెట్టాను.

"ఇక్కడ ఇంత ముదురెందుకుంది?"

"ఎక్కువసార్లు వెతికారు కాబట్టి."

"అక్కడ టీ తాగారే."

అది నా వైపు తిరగలేదు. "అత్తా, నేను నీ క్లాసులో లేను."

"ఉంటే ఈపాటికి బెంచీ ఎక్కించేదాన్ని."

"నేనిప్పుడు నవ్వలేను."

"నవ్వమని అనలేదు. విను. నేను పాఠం చెప్పి 'అర్థమైందా' అంటే ముందు బెంచీ వాళ్ళు 'అయింది మేడం' అని అరుస్తారు. వెనక బెంచీలు కిటికీలోంచి బయటికి చూస్తుంటాయి. క్లాసుకి అర్థమైందనుకుని నేను తర్వాతి పాఠానికి వెళ్ళిపోతే తప్పెవరిది? ఆ గడికి ముందు బెంచీ గట్టు. వెనకంతా జమ్ము."

అది నా ఫోను పక్కకి జరిపింది. తర్వాత మెల్లగా, "తెల్లగా ఉందని చెబితే ఏమవుతుందో తెలుసా నీకు? నాన్న అక్కడున్నట్టు అవుతుంది" అంది. "ఒక్కో గడీ పచ్చబడుతుంటే నాకు ఊపిరి వచ్చేది. ఇక్కడ లేడు, ఇక్కడా లేడు అని. అమ్మకి అదే చెప్పాను. ఇప్పుడు వెళ్ళి, కాదమ్మా, పొరపాటు అని చెప్పమంటావా?"

నేను దాని కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాను. ఆ ఆకుపచ్చ నాకూ కావాలి. తమ్ముడు ఏ ఊళ్ళోనో బస్టాండులో కూర్చుని, తలకి దెబ్బ తగిలి, పేరు మరిచిపోయి ఉన్నాడని నేనూ అనుకోవాలని చూశాను. అలాంటివి జరుగుతాయి కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. పరీక్షలో జవాబు రానివాళ్ళు ప్రశ్ననే మళ్ళీ అందంగా రాస్తారు. అలాంటి పని అది.

"మీ నాన్నతో నేను ఒకసారి పోట్లాడాను, గుర్తుందా?" అన్నాను. "భోజనాల దగ్గర."

దానికి గుర్తుంది. మా అందరికీ గుర్తుంది. పక్షులు కనిపించని చోట సున్నా వేస్తాననీ, వెళ్ళి చూడలేకపోయిన చోట ఖాళీ వదులుతాననీ తమ్ముడు చెప్పాడు. నా పరీక్షల్లో జవాబు ఖాళీ వదిలినా సున్నాయే వస్తుంది, రెండూ ఒకటే అన్నాను. "ఒకటెలా అవుతాయక్కా? సున్నా అంటే చూశాను, లేవు అని. ఖాళీ అంటే నాకు తెలీదు అని. చూడని చోట సున్నా పెట్టకూడదు" అన్నాడు. ఒప్పుకోలేదు నేను. "అందుకే నువ్వు బాతుల్ని లెక్కపెట్టడానికి పనికిరావు, పిల్లలతో సరిపెట్టుకో" అన్నాడు. మరదలు పెరుగు గిన్నె మా ఇద్దరి మధ్యా పెట్టి, "సున్నాలు చాలు, తినండి" అంది.

పిచ్చుక వీధి దీపాల పటం మూసేసింది. చెరువు తెరిచింది.

"ఈ గడులు ఎంత పెద్దవో తెలుసా అత్తా? చెత్తబండ్లవి."

"అంటే?"

"మొదటిరోజు కంగారులో కొత్తగా ఏమీ చేయలేదు. చెత్తబండ్ల కోసం చేసిపెట్టిన గడుల పొర ఉంది. బండి గడిలో ఏ మూల తిరిగినా ఆ గడి అయిపోయినట్టే. దాంట్లోనే బండ్ల చుక్కల బదులు మనుషుల చుక్కలు పెట్టేశాను." అని ఆగింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "బండి వీధి చివర ఆగితే చాలు, జనమే బుట్టలు పట్టుకుని వస్తారు. నాన్న రాడు కదా."



తర్వాత అది గడుల పరిమాణం మార్చింది. మొదట సగానికి. తర్వాత అందులో సగానికి. ఒకేచోట కదలకుండా ఉన్న ఫోన్ల చుక్కల్ని తీసేసింది. మళ్ళీ లెక్క వేయించింది. ఆకుపచ్చ మా కళ్ళ ముందే పురుగు తిన్న ఆకులా చిల్లులు పడిపోయింది. నడి చెరువులో పడవలు తిరిగిన చోట పచ్చగానే నిలిచింది. ఉత్తరం గట్టూ నిలిచింది. తూర్పు వైపు జమ్ము మాత్రం గట్టు వెంట సన్నటి పచ్చని గీత వదిలి మొత్తం తెల్లబడింది.

"చూడలేదు" అంది పిచ్చుక.

ఆ సాయంత్రం ఇద్దరం అధికారి ఆఫీసుకి వెళ్ళాం. అతను పటాన్ని దగ్గరికి జరుపుకుని చూశాడు. వేలితో గట్టు గీత వెంట నడిచాడు. కోప్పడలేదు. పిచ్చుకను తప్పుపట్టలేదు.

"నేను కూడా ఆ టెంటులోనే కూర్చుని ఈ పటం చూశానమ్మా. ఎదురుగా జమ్ము ఉంది. నేను ఫోను చూశాను" అన్నాడు. తర్వాత ఎవరెవరికో ఫోన్లు చేశాడు. ప్రతిసారీ గొంతు ఇంకాస్త బొంగురుపోయింది. నీళ్ళు ఆపడం అతని చేతిలో లేదు. ఊరు దాహంతో ఉంది, అది అబద్ధం కాదు. రేపు ఒక్కరోజు, రెండు పడవలు, దొరికినంతమంది మనుషులు. అంతవరకే ఇవ్వగలనన్నాడు.

మరదలికి చెప్పడం నా వంతు. వంటింట్లో ఉంది. ఫోను ఛార్జింగ్‌లోనే ఉంది.

"ఎంత పచ్చబడింది అని అడగవేం?" అన్నాను.

"అయిపోయింది కదా వదినా."

"తగ్గింది."

"పచ్చబడింది తగ్గడమేమిటి?"

చెప్పాను. టెంటు గురించి, చెత్తబండ్ల గురించి, జమ్ము గురించి. ఒక్క మాట ఎక్కువ గానీ తక్కువ గానీ లేకుండా చెప్పాలని చూశాను. ఆమె పొయ్యి కట్టేసింది. గోడ వైపు తిరిగి గిన్నె మీద మూత సర్దింది. మళ్ళీ సర్దింది.

"అంటే, చూడని చోట సున్నా పెట్టారన్నమాట" అంది.

ఔనన్నాను.  ఆమె అన్నం వడ్డించింది.

శుక్రవారం తెల్లవారగానే జమ్ములో దిగారు. ఒక్కో అడుగూ కొడవలితో కోసుకుంటూ పోవాలి. కింద మోకాలి లోతు బురద. మనిషి ఒక కాలు పైకి లాగేసరికి రెండోది దిగిపోతోంది. కోసిన చోట జమ్ము మళ్ళీ మూసుకుంటున్నట్టే ఉంది. పిచ్చుక గట్టు మీద స్టూలు వేసుకుని ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంది. చిన్న గడులు. ఒకటి పచ్చబడటానికి చాలాసేపు పడుతోంది. నేను దాని వెనక నిలబడ్డాను. నిలబడలేక గట్టు మీద ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తిరిగాను.

"అత్తా, ఒక్కచోట ఉండు. నీ ఫోను కూడా చుక్కలు పంపుతోంది" అంది పిచ్చుక.

ఫోను తీసి దాని సంచిలో పడేశాను. ఆ వారంలో అది నవ్వబోయి ఆగిపోవడం అప్పుడే చూశాను.

పొద్దు వాలుతుండగా జమ్ము లోపలి నుంచి కేక వినబడింది. మాట అర్థం కాలేదు. అధికారి పడవలో లోపలికి వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు పడవలో అడ్డంగా పొడవాటి వెదురు గెడ ఉంది. చివర ఎర్ర రంగు పట్టీలు. నీటి లోతు కొలవడానికి తమ్ముడు తనే వేసుకున్న గుర్తులు.

"బురదలో నిట్టనిలువుగా దిగి ఉంది టీచర్‌గారూ. చుట్టూ చూశాం. ఇంకా లోపలికి, దక్షిణానికి, ఏదో నలిగిన దారిలా ఉంది. వెలుతురు చాలట్లేదు" అన్నాడు.

గెడ బురదలో ఇరుక్కుపోతే దాన్ని లాగబోయి దిగి ఉంటాడు. పడవ జారిపోయి ఉంటుంది. లేదా ఏదైనా గూడు కనిపించి ఉంటుంది. ఇవన్నీ నా ఊహలు. ఖాళీలో నేను రాసుకుంటున్న మాటలు. వాటికి మార్కులు లేవు.

అధికారి ఆ రాత్రి కూడా ఎవరెవరినో బతిమాలాడని తర్వాత తెలిసింది. శనివారం పొద్దున నీళ్ళు వచ్చాయి. గట్టు మీద నిలబడి చూశాం. హోరు లేదు. జమ్ము కాడల మధ్య నీరు నెమ్మదిగా లేచింది, అంతే. మధ్యాహ్నానికి ఊళ్ళో కుళాయిలు మొదలయ్యాయి. మా వంటింట్లో కూడా వచ్చాయి. మరదలు బిందె పెట్టి కుళాయి తిప్పి, నిండకముందే కట్టేసింది.

ఆమె ఇప్పుడు పటం గురించి అడగదు. ఫోను మాత్రం ఛార్జింగ్‌లోంచి తీయలేదు. గెడ వరండాలో గోడకి ఆనించి ఉంది. అది అక్కడే ఉండాలంది.

పిచ్చుక పాత పటం తీసేసి, దాని చోట చిన్న గడులది పెట్టింది. మొదటి రోజుల్లో చూసినంతమంది ఇప్పుడు చూడరు. చెత్తబండ్ల పటం కూడా మార్చిందట. వీధి చివరి దాకా రాలేని ముసలివాళ్ళ ఇళ్ళు అందులో తెల్లగా కనిపిస్తున్నాయని ఎవరో పెద్దవాళ్ళు విసుక్కున్నారని చెప్పింది. విసుక్కోనీ అన్నాను.

నేను బడికి వెళ్తున్నాను. భిన్నాలు అయిపోయాయి. "అర్థమైందా" అని అడగడం మానేశాను. వెనక బెంచీ దాకా నడిచి ఒక్కొక్కరి నోటుబుక్కూ చూస్తున్నాను. నడవడానికి అదొక వంక కూడా.

నీళ్ళు ఎండాకాలానికి గానీ తగ్గవు. గెడ దొరికిన చోటి నుంచి దక్షిణానికి ఉన్న జమ్మును ఇంకా ఎవరూ వెతకలేదు.